గూగుల్ ఫామ్ పెడితే ఇంటర్వ్యూ చేసినట్టేనా?

ప్రశ్న: నేను నర్సింగ్‌లో పీజీ చేస్తున్నాను. మూర్ఛ వ్యాధి ఉన్న యువతీయువకులు ఆ సంగతి కాలేజీలో, ఆఫీసులో, పెళ్లి చేసుకోబోయేవాళ్ల దగ్గర ఎప్పుడు చెబుతున్నారు, ఎందుకు దాస్తున్నారు అన్నది నా థీసిస్ అంశం. అందరూ తలో చోట ఉంటారు కాబట్టి ఇంటర్నెట్ ద్వారానే వివరాలు సేకరించాలి. 25 ప్రశ్నలతో గూగుల్ ఫామ్ తయారుచేశాను. కనీసం 200 రెస్పాన్సులు ఉండాలని మా గైడ్ అంటున్నారు. మా తమ్ముడికి ఫిట్స్ ఉన్నాయి. అందుకని చాలాకాలంగా నేను ఒక ఆన్‌లైన్ సపోర్ట్ గ్రూపులో ఉన్నాను. అందులో జనం ఎన్నో రాస్తుంటారు. ఆ పోస్టులు థీసిస్‌లో వాడుకోవచ్చా? వీడియో కాల్‌లో ముక్కూమొహం తెలియని మనిషితో ఎవరైనా మనసు విప్పి మాట్లాడతారా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ టెన్షన్‌లో సగం ఆ 200 అనే అంకెతో వచ్చింది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఎంతమంది దాస్తున్నారో లెక్క తేల్చడమే మీ పని అయితే 200 మంది కూడా చాలకపోవచ్చు. పైగా ఆ 200 మందిని ఏ పద్ధతిలో ఎంచుకున్నారని ఇంకో ప్రశ్న వస్తుంది. కానీ మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది వేరే అనిపిస్తోంది. ఎందుకు దాస్తున్నారు, చెప్పాక ఏం జరిగింది, దాచిపెట్టడానికి రోజూ ఎన్ని ఏర్పాట్లు చేసుకోవాల్సి వస్తోంది? వీటికి జవాబు పదిహేను ఇరవై మందితో తీరిగ్గా మాట్లాడితే వస్తుంది.

2006లో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ మీకు పనికొస్తుంది. ఘనా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను వరసగా విశ్లేషిస్తూ, కొత్త విషయాలు రావడం ఎక్కడ తగ్గిపోతోందో చూశారు. మొదటి 12 ఇంటర్వ్యూలు అయ్యేసరికే చెప్పుకోదగ్గ విషయాలు దాదాపు అన్నీ వచ్చేశాయి. అయితే ఆ మహిళలు చాలావరకు ఒకే తరహా పరిస్థితుల్లో ఉన్నవాళ్లు, వాళ్లను అడిగిన ప్రశ్నలూ ఒకే తీరువి. మీ దగ్గర చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగస్తులు, పెళ్లయినవాళ్లు అందరూ ఉంటారు కాబట్టి ఇంకొంతమందిని పెట్టుకోండి. గైడ్‌గారితో ఈ మాట నోటితో అంటే వాదనకు దిగినట్టు ఉంటుంది, పరిశోధన ప్రణాళికలో కారణాలతో సహా రాసి చూపించండి. ఆన్‌లైన్‌లో మనుషులు సులువుగానే దొరుకుతారు కదా అని వారు అనవచ్చు. నిజమే, దొరుకుతారు. కానీ గంటసేపు రికార్డు చేసిన మాటలు అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఇరవై మందికే మీకు వారాలు పోతాయి.

ఇక గూగుల్ ఫామ్. ఎవరో ఒకరు అందులో "భయమేసి ఆఫీసులో చెప్పలేదు" అని రాస్తారు. ఎదురుగా ఉంటే మీరు వెంటనే "ఎవరంటే భయం?" అని అడిగేవారు. అప్పుడు వాళ్లు మేనేజర్ గురించి చెబుతారని మీరు అనుకుంటే, పక్క సీటు స్నేహితురాలి గురించి చెప్పవచ్చు. ఫామ్‌లో ఆ రెండో ప్రశ్న అడిగే వీలే లేదు. ఖాళీ డబ్బా ఇచ్చి 'వివరంగా రాయండి' అన్నంత మాత్రాన అది క్వాలిటేటివ్ రీసెర్చ్, అంటే లెక్కలు కాకుండా మనుషుల అనుభవాలను లోతుగా చూసే పరిశోధన అయిపోదు. 25 డబ్బాలు పెడితే పదో డబ్బా దగ్గరికి వచ్చేసరికి అందరి జవాబులూ ఒక్క లైనుకు కుదించుకుపోతాయి. ఫామ్‌ను పారేయక్కర్లేదు, దానికి వేరే పని ఇవ్వండి. వయసు, ఫిట్స్ ఎప్పటినుంచి ఉన్నాయి, ఇంటి బయట ఎవరికైనా చెప్పారా, మాట్లాడటానికి ఏ పద్ధతి ఇష్టం, ఏ వేళ వీలు. ఈ ఐదారు ప్రశ్నలతో ఎవరిని ఇంటర్వ్యూ చేయాలో ఎంచుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

'ఏ పద్ధతి ఇష్టం' అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. నన్నడిగితే మీ థీసిస్ నాణ్యత చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. ఆన్‌లైన్ అనగానే మనకు వీడియో కాల్ ఒక్కటే గుర్తొస్తుంది. కానీ మూర్ఛ ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి. ఈ వ్యాధికి వాడే మందుల్లో కొన్ని, ముఖ్యంగా టోపిరమేట్, కొందరిలో మాట తడుముకునేలా చేస్తాయి. చెప్పదలుచుకున్న పదం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కొందరికి జ్ఞాపకశక్తి ఇబ్బంది ఉంటుంది. ఎదురుగా మీరు తెరమీద చూస్తుండగా పదం కోసం వెతుక్కోవడం వాళ్లకు నరకం. వాళ్లకు ఈమెయిల్ ఇంటర్వ్యూ వరం లాంటిది. రెండు మూడు ప్రశ్నలు పంపండి, వాళ్లు వీలైనప్పుడు రాస్తారు, దాన్ని చదివి మీరు మళ్లీ అడుగుతారు. అలా కొన్ని వారాలు నడుస్తుంది. మధ్యలో ఒక రోజు ఫిట్స్ వస్తే ఆ రోజు రాయరు, అంతే. ఒక్క జాగ్రత్త: ప్రశ్నలన్నీ ఒకేసారి పంపారంటే అది మళ్లీ ఫామే.

టైపు చేస్తూ చాటింగ్‌లో మాట్లాడుకోవడం ఇంకో దారి. ఇంట్లో గోడలకు చెవులున్నవాళ్లకు అది బాగుంటుంది. కానీ గంట చాట్‌లో వచ్చే మాటలు గంట సంభాషణలో వచ్చేవాటికంటే చాలా తక్కువ, గొంతులో వణుకు తెలియదు. దానికి బదులు ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మాటలన్నీ రాసిపెట్టిన ప్రతి, మీ చేతికి తయారుగా వస్తుంది. మామూలు ఫోన్ కాల్‌ను కూడా చిన్నచూపు చూడొద్దు. మొహం కనబడనప్పుడు కొంతమంది ఎంత దూరం వెళ్లి మాట్లాడతారో వింటేగానీ నమ్మలేం. ఇక వాయిస్ నోట్స్. ఇవాళ ఎవరి దగ్గరైనా విషయం దాచాల్సి వచ్చిందా, ఆ సందర్భం ఏమిటి అని రెండు వారాలపాటు డైరీలా రికార్డు చేసి పంపమనవచ్చు. నెలల తర్వాత ఇంటర్వ్యూలో గుర్తు తెచ్చుకుని చెప్పే మాటకు, ఆ సాయంత్రమే చెప్పిన మాటకు చాలా తేడా ఉంటుంది. మీ అంశానికి ఇది బాగా నప్పుతుందని నా అభిప్రాయం. ఒకే థీసిస్‌లో రెండు మూడు పద్ధతులు కలపొచ్చా అనే అనుమానం మీకు వస్తుంది. కలపొచ్చు. ఎవరి మాటలు ఏ పద్ధతిలో వచ్చాయో ప్రతిచోటా రాసుకుంటే చాలు.

ఇంకో చిక్కు ఉంది. ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చాలామందికి స్వయంగా గుర్తుండదు. క్లాసులో పడిపోయానని చెప్పే మనిషి, నిజానికి తోటివాళ్లు తనకు చెప్పినదే మీకు చెబుతున్నారు. కాబట్టి "అప్పుడు ఏం జరిగింది?" అని అడిగి ఊరుకోకండి. "మీకు తెలివి వచ్చాక మొదట ఎవరు కనిపించారు? ఏం జరిగిందో మీకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు?" అని అడగండి. మీ అంశమంతా అక్కడే ఉంది.

మనసు విప్పుతారా అని అడిగారు. విప్పుతారు, అయితే మీ ప్రశ్న దానికి చోటివ్వాలి. "మీరు వివక్ష ఎదుర్కొన్నారా?" అంటే అవును, కాదు అనే మాటలే వస్తాయి, పైగా మీకేం కావాలో వాళ్లకు ముందే తెలిసిపోతుంది. "ఇంటివాళ్లు కాకుండా బయటివాళ్లకు మొదటిసారి చెప్పిన రోజు గురించి చెప్పండి" అని అడిగి ఊరుకోండి. ఊరుకోవడమే ఆన్‌లైన్‌లో కష్టం. నెట్‌వర్క్ ఆలస్యం వల్ల అవతలివాళ్లు ఆలోచిస్తున్నారో లైన్ ఆగిపోయిందో అర్థం కాక మనం "హలో, వినిపిస్తోందా?" అనేస్తాం. వాళ్ల నోటిదాకా వచ్చిన మాట కాస్తా వెనక్కి పోతుంది. కాబట్టి మొదట్లోనే చెప్పేయండి: "మీరు ఆలోచించుకునేటప్పుడు నేను మాట్లాడను, లైన్ తెగితే నేనే మళ్లీ చేస్తాను." ఇంకోటి, రికార్డింగ్ ఆపగానే కాల్ పెట్టేయకండి. అసలు సంగతులు చాలాసార్లు అప్పుడే మొదలవుతాయి. అవి వాడుకోవాలంటే మాత్రం "ఇప్పుడు చెప్పింది కూడా రాసుకోవచ్చా?" అని అడగాలి.

వాళ్లు ఏ గదిలో కూర్చుని మాట్లాడుతున్నారో మీకు కనిపించేది తెరమీద పట్టినంతే. తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. ఆసుపత్రి గదిలో ఇంటర్వ్యూ చేస్తే తలుపు మీరు వేస్తారు, ఇక్కడ వాళ్లు వేసుకోవాలి. మీ అంశమే దాచుకునే సంగతుల గురించి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి, మీ ప్రశ్నలు అప్పుడు వాళ్లకు మాత్రమే వినిపిస్తాయి. ఎవరైనా గదిలోకి వస్తే వాడటానికి ముందే ఒక మాట అనుకోండి. "ఆ ప్రాజెక్టు ఫైల్ పంపిస్తాను" అన్నారంటే మీరు వెంటనే మామూలు కబుర్లలోకి దిగిపోవాలి. క్యాలెండర్ ఆహ్వానంలో 'మూర్ఛ అధ్యయనం ఇంటర్వ్యూ' అని పేరు పెట్టి పంపకండి. ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరి చేతిలో ఉంటుందో మీకు తెలియదు.

భద్రత గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. వీడియో కాల్ మధ్యలో ఎదుటి మనిషికి ఫిట్స్ వస్తే మీరేం చేస్తారు? ప్రథమ చికిత్స మీకు నేర్పక్కర్లేదు: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, సమయం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే అత్యవసర సాయం పిలవాలి. కానీ మీరు అక్కడ లేరు. అందుకే ప్రతి కాల్ మొదట్లో వాళ్లు ఆ క్షణాన ఉన్న చోటు, దగ్గర్లో ఉన్న ఒక మనిషి ఫోన్ నంబరు, అక్కడ అత్యవసర సేవలకు ఏ నంబరుకు చేయాలి అనే మూడూ రాసుకోవాలి. ఆ దగ్గరి మనిషికి జబ్బు సంగతి తెలుసో లేదో కూడా అడగండి. తెలియనివాళ్ల నంబరు ఇస్తే సాయం కోసం చేసిన ఫోనే గుట్టు రట్టు చేస్తుంది. ఆ వివరాలున్న కాగితం ఇంటర్వ్యూ ముగిశాక చించేయండి. నిద్ర తక్కువైతే చాలామందికి ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి 'రాత్రి పదకొండు తర్వాతే ఖాళీ' అన్నా ఒప్పుకోకండి, ఇంకో రోజు చూసుకోండి. మూర్ఛ ఉన్నవాళ్లలో సుమారు 3 శాతం మందికి మెరిసే వెలుగు వల్ల ఫిట్స్ రావచ్చు. స్క్రీన్ షేర్ చేసి మిణుకుమిణుకుమనే వీడియోలు, యానిమేషన్లు చూపించాలనే ఆలోచన ఉంటే మానేయండి. ఫిట్స్ రాకపోయినా కన్నీళ్లు రావచ్చు. అప్పుడు ఆపుదామా, కొనసాగిద్దామా అని వాళ్లనే అడగాలి. మర్నాడు ఒక చిన్న మెసేజ్ పెట్టి ఎలా ఉన్నారో కనుక్కోవడం, అవసరమైతే కౌన్సెలర్ వివరాలు ఇవ్వడం మీ ప్రణాళికలో ముందే రాసి ఉండాలి.

సపోర్ట్ గ్రూపు పోస్టుల సంగతి. వాడకండి అన్నదే నా జవాబు. వాళ్లు ఆ మాటలు ఒక రోగి అక్కకు రాశారు, పరిశోధకురాలికి రాయలేదు. 2010లో పేషెంట్స్‌లైక్‌మీ అనే రోగుల సైట్‌లో, మానసిక సమస్యల గురించి సభ్యులు లాగిన్ అయి మాట్లాడుకునే విభాగం నుంచి నీల్సన్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌తో పోస్టులు కాపీ చేసిందని బయటపడి పెద్ద గొడవే అయింది. అక్కడ రాసుకున్నవాళ్లకు తమ మాటలు ఎక్కడికి పోయాయో తెలియదు. 'పేర్లు తీసేస్తాను కదా' అని మీరనవచ్చు. పేరు తీసేస్తే సరిపోదు. అందరూ చూడగలిగే చోట ఉన్న పోస్టులోంచి ఒక వాక్యం యథాతథంగా థీసిస్‌లో పెడితే, దాన్ని సెర్చ్‌లో వేసి రాసిన మనిషిని పట్టుకోవచ్చు. 2006లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ దాదాపు ఆరున్నర లక్షల మంది సెర్చ్ రికార్డులను పేర్లు తీసేసి, అంకెలు పెట్టి విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే విలేకరులు ఒక అంకె వెనక ఉన్న మహిళ ఇంటి తలుపు తట్టారు. ఆరోగ్యం గురించి రాసే మాటల్లో ఊరు, ఉద్యోగం, పిల్లల వయసు కలగలిసి ఉంటాయి, తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

గ్రూపును వదులుకోవాలని కాదు. అడ్మిన్‌కు విడిగా రాయండి: మీరెవరు, ఏం చదువుతున్నారు, ఏం అడగబోతున్నారు. వాళ్లు ఒప్పుకుంటే ఒకే ఒక్క పోస్టు పెట్టండి, ఇష్టమున్నవాళ్లు మీకు ప్రైవేటుగా మెసేజ్ చేస్తారు. పోస్టు కింద కామెంట్లలో 'నేను చెబుతాను' అని పేరు బయటపెట్టవద్దని అందులోనే రాయండి. అడ్మిన్ వద్దంటే ఇక దాని జోలికి పోవద్దు. గ్రూపులో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు వచ్చిన మంచి మాట ఏదీ నోట్సులోకి ఎక్కించకండి. ఇది చెప్పినంత తేలిక కాదు.

ఇంటర్వ్యూకి డబ్బులు గానీ గిఫ్ట్ కార్డు గానీ ఇవ్వాలనుకుంటే, ఆ మొత్తాన్ని అందరికీ కనిపించే పోస్టులో రాయకండి. ఆన్‌లైన్ అధ్యయనాలకు జబ్బు లేకపోయినా ఉన్నట్టు చెప్పి వచ్చేవాళ్ల బెడద ఈమధ్య బాగా పెరిగింది. ఒకే రాత్రి ఒకే తరహా మెయిల్ ఐడీల నుంచి బోలెడు దరఖాస్తులు రావడం, మొదటి మెసేజ్‌లోనే డబ్బు ఎప్పుడిస్తారని అడగడం, ఏ ప్రశ్నకైనా పాఠం అప్పజెప్పినట్టు పొడిపొడిగా చెప్పడం దాని లక్షణాలు. కెమెరా ఆన్ చేయనంత మాత్రాన దొంగ అనుకోవద్దు. మీ అంశంలో నిజమైనవాళ్లు చాలామంది కెమెరా ఆపేస్తారు. మందుల చీటీ స్కాన్ చేసి పంపమని అడగడం నాకైతే నచ్చదు, అది అనుమానించడమే. ఇంటర్వ్యూకి ముందు పది నిమిషాల మామూలు ఫోన్ కాల్ చేయండి. మందు వేళ తప్పితే ఎలా ఉంటుంది, డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్తారు అని మాట్లాడితే తేడా తెలిసిపోతుంది.

రికార్డింగ్ విషయంలో నియమాలు మీ కాలేజీ చెబుతుంది, అవి పాటించండి. నేను కలిపేవి కొన్నే. వీడియో అవసరం లేకపోతే ఆడియో మాత్రమే ఉంచుకోండి, మొహం ఉన్న ఫైలు ఎంత తక్కువ కాలం మీ దగ్గర ఉంటే అంత మంచిది. క్లౌడ్‌లో కాకుండా పాస్‌వర్డ్ ఉన్న మీ కంప్యూటర్లో సేవ్ చేయండి. అసలు పేర్లు, కోడ్ నంబర్ల జాబితా వేరే చోట పెట్టండి. ఆటోమేటిక్‌గా మాటలను అక్షరాల్లోకి మార్చే ఉచిత యాప్‌లో ఆడియో వేసే ముందు అది ఆ ఫైలును ఎక్కడ దాచుకుంటుందో చదవండి. పాల్గొనేవాళ్లు ఒప్పుకుంటూ సంతకం చేసే కన్సెంట్ పత్రంలో ఆ యాప్ సంగతి రాయకపోతే అందులో వేయనే కూడదు. వేసినా మందుల పేర్లన్నీ తప్పుల తడకగా వస్తాయి, మీరు మొదటి నుంచి విని దిద్దుకోవాల్సిందే.

ఎంత జాగ్రత్తగా చేసినా మీకు దొరకనివాళ్లు ఉంటారు. ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్ల మంది, వాళ్లలో దాదాపు 80 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సొంత ఫోను, సొంత గది, డేటా ఖర్చు భరించే శక్తి ఉన్నవాళ్లే మీ వీడియో కాల్‌లోకి వస్తారు. సపోర్ట్ గ్రూపులో చేరినవాళ్లంటే అప్పటికే ఎవరో ఒకరికి చెప్పుకున్నవాళ్లు. అసలు ఎవరికీ చెప్పనివాళ్లు ఆ గ్రూపులో ఎందుకుంటారు? మీ ప్రశ్నకు ముఖ్యమైన మనుషులు వాళ్లే. మూర్ఛ క్లినిక్‌లలో పనిచేసే నర్సులను, డాక్టర్లను అడిగి మీ ఫోన్ నంబరున్న చిన్న కార్డు అక్కడ పెట్టించండి. అలా ఒక నలుగురు వచ్చినా మీ థీసిస్‌కు బలం వస్తుంది. ఇంటర్వ్యూ పరిశోధనలను ఎలా నివేదించాలో చెప్పే కోరెక్ అనే 32 అంశాల జాబితా 2007 నుంచి వాడుకలో ఉంది. అందులో మీకూ పాల్గొన్నవాళ్లకూ ముందునుంచి ఉన్న పరిచయం ఏమిటి, ఇంటర్వ్యూ ఎక్కడ జరిగింది, పక్కన ఎవరైనా ఉన్నారా అనేవి కూడా ఉంటాయి. దాన్ని రాసేటప్పుడు కాకుండా ఇప్పుడే దగ్గర పెట్టుకోండి.

చివరగా మీ తమ్ముడి సంగతి. ఆయన వల్లే ఈ అంశం ఎంచుకున్నానని పాల్గొనేవాళ్లకు చెప్పాలా వద్దా? చెబితే వాళ్లు మిమ్మల్ని తొందరగా నమ్ముతారు. అదే సమయంలో 'మీకు తెలిసిందే కదా' అని సగం వదిలేస్తారు, మీరు కూడా తెలుసు అనుకుని అడగడం మానేస్తారు. ఆ ప్రమాదం ఉన్నా నేను చెప్పడం వైపే ఉంటాను, దాచుకోవడం గురించి అడగడానికి వెళ్లి మీరే దాచడం బాగుండదు. అయితే థీసిస్ మీద మీ పేరుంటుంది. 'మా తమ్ముడికి' అని ఒక్క చోట రాసినా ఆయన జబ్బు సంగతి మీ బంధువులకు, ఆయన స్నేహితులకు, రేపు ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకోబోయేవాళ్లకు కూడా తెలిసే వీలుంది. ముందు ఆయన్ను అడగండి. ఆలోచించుకోవడానికి టైం ఇవ్వండి. వద్దంటే 'ఈ వ్యాధిని దగ్గర నుంచి చూసినదాన్ని' అని మాత్రం రాసుకోండి, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులో కూడా అంతకుమించి వద్దు. ఆయన జవాబు వచ్చాకే ఆ దరఖాస్తు పెట్టండి, కమిటీ అనుమతి వచ్చేదాకా గ్రూపు అడ్మిన్‌కు గానీ క్లినిక్‌కు గానీ ఒక్క మెసేజ్ కూడా పంపకండి.